నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీ: జిరాక్స్ షాపు కౌంటర్ వెనక నుంచి

మిక్సీలకీ సెల్‌ఫోన్లకీ జనం పేజీలకి పేజీలు రివ్యూలు రాస్తారు. మొన్న మిక్సీ కొనేముందు నేనూ ఓ ఇరవై చదివాను. పిల్లల్ని డిగ్రీలో చేర్పించేటప్పుడు మాత్రం ఒక్కటీ దొరకలేదు. మా ఇంట్లో ఇద్దరు ఆ సరుకు వాడారు. పెద్దమ్మాయి 2020 బ్యాచ్, అబ్బాయి 2023 బ్యాచ్. ఒకటే కాలేజీ, ఒకటే గేటు, రూల్సే వేరు. సరే, నేనే రాద్దామని కూర్చున్నాను.

ముందే చెప్పేయాల్సిన సంగతి ఒకటుంది. ఆ గేటు ఎదురుగానే నా జిరాక్స్ షాపు. పశ్చిమ గోదావరిలో చిన్న టౌను. ఊరి పేరు, కాలేజీ పేరు వద్దులెండి, రేపు పొద్దున్న మళ్ళీ వాళ్ళ మొహాలే చూడాలి. పంతొమ్మిదేళ్ళుగా ఈ కౌంటర్ మీదే ఉన్నాను. డిగ్రీ రూల్ మారితే ఒక్కోసారి లెక్చరర్ల కన్నా ముందు నాకే తెలుస్తుంది, సర్క్యులర్ కాపీలు తీసేది నేనే కదా. ఇందులో తండ్రి గోలెంతో, వ్యాపారి గోలెంతో మీరే ఏరుకోండి.

సరుకు గురించి రెండు ముక్కలు. మా కాలంలో డిగ్రీ అంటే మూడేళ్ళు, మూడు సబ్జెక్టులు. ఎంపీసీ, బీజడ్సీ, హెచ్ఈపీ, అంతే. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దానికి పది నెలల ఇంటర్న్‌షిప్ కలిపారు. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు, ఆ తర్వాత ఒక సెమిస్టర్ మొత్తం. ఇష్టమున్నవాళ్ళు నాలుగో ఏడాది కూడా చదివితే ఆనర్స్ పట్టా. తర్వాత 2022 డిసెంబరులో యూజీసీ, అంటే దేశంలో యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే సంస్థ, దేశమంతటికీ ఒక లెక్క ఇచ్చింది, మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్‌కి 160 అని. క్రెడిట్ అంటే చదివిన గంటల్ని బట్టి వేసే పాయింటు. 2023-24లో మన దగ్గర మళ్ళీ మార్చారు. మూడు సబ్జెక్టులు పోయి సింగిల్ మేజర్ వచ్చింది, అంటే ఒకటే ప్రధాన సబ్జెక్టు, పక్కన తోడుగా ఒక మైనర్. ఢిల్లీ యూనివర్సిటీలో 2013లో నాలుగేళ్ళ డిగ్రీ పెట్టి 2014 జూన్‌లో తీసేసినప్పుడు పేపర్లో చదివాను. మనకెందుకులే అనుకుని ఆ పేపర్లోనే బజ్జీలు కట్టించుకున్నాను.

నా షాపులో మాత్రం క్రెడిట్ అంటే అప్పు. గోడ మీద "క్రెడిట్ లేదు" అని బోర్డు కూడా ఉంది. ఇప్పుడు పిల్లలు ఆ బోర్డు కిందే నిలబడి క్రెడిట్లు ఎన్నొచ్చాయో లెక్క పెట్టుకుంటారు. ఆ క్రెడిట్లు దాచుకోవడానికి అకడమిక్ బ్యాంక్ అని ఒకటి, దానికి పన్నెండంకెల ఐడీ. డిజిలాకర్‌లో తీయాలి, ఆధార్‌కి లింకైన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. మా వైపు సగం మంది తండ్రులు గల్ఫ్‌లో ఉంటారు, నంబరు వాళ్ళది. ఒకబ్బాయి మా కౌంటర్ దగ్గర నిలబడి కువైట్‌కి ఫోన్ చేస్తే, మనకి ఉదయం పది, అక్కడ ఏడున్నర. ఆయన బండి నడుపుతున్నాడు. "బండి ఆపాక చూసి చెప్తానురా" అన్నాడు. ఆయన ఆపేసరికి ఓటీపీ టైమైపోయింది. మూడుసార్లు అలాగే అయింది. నాలుగోసారి పక్క సీట్లో ఉన్న మలయాళీ ఆయన అంకెలు చదివి వినిపించాడు, హిందీలో. ఐడీ వచ్చింది. నేను తీసుకున్నది ఇరవై రూపాయలు.

ఇక అసలు సంగతి, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. మొదటి ఏడాది అయ్యాక చేసే ఇంటర్న్‌షిప్ ఇదే. 180 గంటలు, 4 క్రెడిట్లు. అంటే ఒక్కో క్రెడిట్‌కి 45 గంటలు, రోజుకి ఆరు గంటలు తిరిగితే ముప్ఫై రోజులు. పిల్ల తను ఉండే ఊళ్ళోనో పేటలోనో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయాలి, జనానికి నాలుగు మంచి మాటలు చెప్పాలి, అక్కడున్న సమస్య ఒకటి పట్టుకుని చిన్న ప్రాజెక్టు రాయాలి. రూలు రాసినవాళ్ళెవరో గాని ఉద్దేశం బంగారం. మా అమ్మాయికి అప్పటిదాకా మా సందు చివర ఎవరున్నారో కూడా తెలియదు. ఇంటర్ రెండేళ్ళూ రెసిడెన్షియల్‌లో పెరిగిన పిల్ల.

ఈ డిగ్రీ మొత్తంలో నేను ఐదుకి ఐదిచ్చేది దీనికే. అధ్వాన్నంగా నడిచిందీ ఇదే.

మా అమ్మాయి మా పేట వెనకున్న కాలనీకి వెళ్ళింది. చుట్టూ రొయ్యల చెరువులు, బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. అందరూ ఇరవై లీటర్ల డబ్బా నీళ్ళే. ఇంటికి నెలకి నీళ్ళకెంత అవుతోంది, అదీ పిల్ల పట్టుకున్న ప్రశ్న. 62 ఇళ్ళు తిరిగింది. మొదటి రోజు నేను తోడు వెళ్ళాను. నాలుగో ఇంట్లో ఒక మామ్మగారు అరుగు మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. అమ్మాయి పుస్తకం తెరిచి, "మామ్మగారూ, నెలకి ఆదాయం ఎంతండీ?" అంది. ఆవిడ తలెత్తకుండానే, "ఈ వారంలో నువ్వు ఐదోదానివమ్మా. అడిగినవాళ్ళకల్లా ఒక్కో లెక్క చెప్పాను. మీరూ మీరూ కూర్చుని ఏదోటి ఖాయం చేసుకోండి" అంది.

నవ్వొచ్చింది గాని, ఆవిడ మాటలో న్యాయముంది. ఆ కాలనీ చుట్టుపక్కల మా కాలేజీ పిల్లలే పదకొండు మంది. ఎవరి పేటలో వాళ్ళు చేయాలని రూలు. అందరూ ఒకే అరవై గుమ్మాలు తట్టారు, అవే ప్రశ్నలు అడిగారు. ఇళ్ళు పంచుకోండి, ప్రశ్నలు పంచుకోండి అని చెప్పినవాళ్ళు లేరు. మామ్మగారు చివరికి మా అమ్మాయికి నీళ్ళ లెక్క మాత్రం సరిగ్గా చెప్పింది. డబ్బాకి పదిహేను రూపాయలు, రెండు రోజులకొకటి, పండక్కి పిల్లలొస్తే రోజుకి రెండు. వంటకి అవే, తాగడానికి అవే, పప్పు ఉడకడానికీ అవే. బోరు నీళ్ళతో పప్పు ఉడకదట. ఇది మా అమ్మాయి ఏ పుస్తకంలోనూ చదవలేదు, కెమిస్ట్రీ చదువుతున్నా సరే. కఠిన జలం అని ఇంటర్లో బట్టీ పట్టింది, పప్పు దగ్గర చూసింది ఆ రోజే.

అమ్మాయి రిపోర్టుకి మార్కులు బాగానే వచ్చాయి. సార్ అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "సర్టిఫికెట్ పేజీ కలర్‌లో తియ్యలేదేం?"

ఇప్పుడు నా పాపం చెప్పుకోవాలి. ఆ సీజన్‌లో నా షాపులో మూడొందల పైచిలుకు రిపోర్టులు బైండ్ చేశాను. పేజీకి రెండు రూపాయలు, స్పైరల్‌కి నలభై. బ్యాక్ టు బ్యాక్ తీస్తే కాలేజీలో ఒప్పుకోరు, ఒకవైపే ఉండాలి. ఆ మూడొందల్లో నిజంగా తిరిగి రాసినవి పాతిక ఉంటాయేమో. మిగతావి ఒకదానికి ఇంకోటి కాపీ. వాట్సాప్‌లో ఫైల్ వస్తుంది, "అంకుల్, పేరు, ఊరు మార్చి ప్రింట్ ఇవ్వండి" అని మెసేజ్. మార్చాను. ఇరవై రూపాయలు తీసుకుని మార్చాను.

ఒకసారి ఒకమ్మాయి రిపోర్టు ప్రింట్ తీస్తుంటే పద్నాలుగో పేజీ దగ్గర నా కన్ను ఆగింది. "గ్రామ చెరువులో గుర్రపుడెక్క పెరగడం వల్ల దోమలు" అని ఉంది. ఆ అమ్మాయిది మా టౌన్లోనే రైలు పట్టాల అవతల పేట, అక్కడ చెరువెక్కడిది? "అమ్మా, మీకు చెరువు లేదు కదా" అన్నాను. ఆ పిల్ల పేజీ చూసి, నన్ను చూసి, "ఉండనివ్వండి బాబాయ్, సార్ చూడరు" అంది. నిజంగానే చూడలేదు. ఆ తర్వాత ఆ చెరువు ఇంకో ఏడు రిపోర్టుల్లో కనబడింది, ఏడు వేరువేరు పేటల్లో. నేను ఒక్కదాంట్లోనూ పూడ్చలేదు.

లెక్చరర్ల తప్పని కొట్టిపారేయలేను. ఒక్కో మేడం కింద యాభై అరవై మంది పిల్లలు. అందరి పేటలకీ తిరగాలంటే ఆవిడ సొంత ఇల్లు మర్చిపోవాలి.

దీంతోపాటు స్కిల్ కోర్సులని కొన్ని వచ్చాయి. కోళ్ళ పెంపకం, టూరిజం గైడెన్స్, ఇన్సూరెన్స్ ప్రమోషన్, మొక్కల నర్సరీ, పాడి పరిశ్రమ, సౌరశక్తి, ఇలా చాంతాడంత జాబితా. కడియం నర్సరీలు మా జిల్లా పక్కనే ఉన్నా నర్సరీ కోర్సు పిల్లలు ఒక్క మొక్కకీ అంటు కట్టినట్టు నేను వినలేదు. కోళ్ళ కోర్సు చేసినవాళ్ళు పరీక్ష ముందు రోజు నా దగ్గర పద్నాలుగు పేజీల నోట్సు జిరాక్స్ తీసుకున్నారు. అక్కడితో కోళ్ళ సంగతి సమాప్తం.

సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ మాత్రం వేరే కథ. మా అమ్మాయి ఆక్వా ల్యాబ్‌లో చేరింది. మా ప్రాంతంలో రొయ్యల రైతులు తెల్లారకముందే చెరువు నీళ్ళు కూల్‌డ్రింక్ సీసాల్లో పట్టుకుని ల్యాబుల దగ్గర క్యూ కడతారు. ఉప్పదనం, పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ చూసి కాగితం రాసిస్తే, దాన్ని బట్టి ఎంత సున్నం వెయ్యాలో, నీళ్ళు మార్చాలో వద్దో ఆలోచించుకుంటారు. కాలేజీ ల్యాబ్‌లో ఒక బ్యూరెట్‌కి ఆరుగురు. ఇక్కడ ఉదయం తొమ్మిదిలోపు మా అమ్మాయి ఒక్కతే ముప్ఫై టైట్రేషన్లు, అంటే రంగు మారేదాకా చుక్కచుక్కగా కలిపి చూసే పరీక్షలు. మొదటి వారం చేతులు వణికాయంది. మూడో వారానికి రంగు మారే చుక్క దగ్గర చెయ్యి దానంతటదే ఆగిపోయేదట. ఆ మాట భోజనాల దగ్గర చెప్తుంటే వాళ్ళమ్మ, "నాకు పాకం తీగ దగ్గర అలాగే ఆగుతుంది" అంది.

ఇంటర్న్‌షిప్‌కి ఒక లాగ్ బుక్ ఉంటుంది. రోజూ ఏం చేశావు, ఏం నేర్చుకున్నావు, పక్కన ఇన్‌చార్జి సంతకం. ఒక రోజు నేర్చుకున్నదాని కింద పిల్ల ఇంగ్లీషులో రాసింది: రైతు ఏ మూల నీళ్ళు ముంచాడో అడక్కుండా టెస్ట్ చెయ్యకూడదు, తూము దగ్గర నీళ్ళు ఎప్పుడూ మంచిగానే వస్తాయి అని. కాలేజీలో ఆ వాక్యం కొట్టేయించి "శాంపిల్ కలెక్షన్ గురించి నేర్చుకున్నాను" అని రాయించారు. కొట్టేసిన గీత కింద పాత వాక్యం ఇంకా కనబడుతుంది. ఆ పేజీ ఒకటి నేను కాపీ తీసి దాచుకున్నాను.

ఇంటర్న్‌షిప్ సెమిస్టర్‌కి క్లాసుని రెండు ముక్కలు చేశారు, సగం మంది ముందు, సగం మంది తర్వాత. అది సర్దుబాటు వ్యవహారం, వదిలేద్దాం.

మావాడి దగ్గరికొస్తే, 2023లో సింగిల్ మేజర్ తొలి బ్యాచ్. సీటు కోసం వెబ్ ఆప్షన్లు నా షాపులోనే పెట్టించాను, వాడివీ, ఇంకో డెబ్బై మందివీ. డెబ్బైలో యాభై మందికి పైగా కంప్యూటర్స్ అన్నారు. మా కాలేజీలో ఆ ఏడాది ఫిజిక్స్ మేజర్‌కి చేరింది నలుగురు. మరుసటి ఏడు ఆ ఆప్షనే కనబడలేదు. అమ్మాయి కాలంలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ సమానంగా చదివింది కాబట్టి మూడో ఏడు చివర్లో తీరిగ్గా కూర్చుని ఎమ్మెస్సీకి కెమిస్ట్రీ అనుకుంది, దాని ఎంట్రన్స్ పీజీసెట్ రాసింది, సీటొచ్చింది. మావాడు పదిహేడేళ్ళ వయసులో, నా కౌంటర్ మీద, వెనక క్యూలో పదిమంది చూస్తుండగా మూడు నిమిషాల్లో మేజర్ తేల్చేశాడు. ఆ మౌస్ నొక్కింది నేనే. సింగిల్ మేజర్ వల్ల ఒక సబ్జెక్టు లోతుగా వస్తుందంటారు, రావచ్చు. కానీ తొలి సెమిస్టర్‌లో మళ్ళీ లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలగలిపిన పేపర్లే పెట్టారు. ఒక సబ్జెక్టు అని చేర్పించుకుని తొలి ఆరు నెలలూ అందులోకి వెళ్ళనివ్వకపోవడం నాకిప్పటికీ అర్థం కాదు.

వాడి రెండో ఏటి ఇంటర్న్‌షిప్ ఆన్‌లైన్. ఎవరో పదిహేను వందలు కట్టించుకున్నారు, వారానికి రెండు వీడియోలు, చివర్న సర్టిఫికెట్. ఇరవై మూడు మందివీ ఒకే పీడీఎఫ్‌లో నా మెయిల్‌కి వచ్చాయి. అందరి పనితీరూ ఎక్సలెంట్. వాళ్ళలో ఒకడు బైక్ మీంచి పడి కాలు విరిగి ఆ రెండు నెలలూ ఆస్పత్రిలోనే ఉన్నాడు. వాడిదీ ఎక్సలెంటే. ఆ సెలవుల్లోనే మావాడు నా షాపు ఖాతాల కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. ఏ లెక్చరర్ ఎంత బాకీయో ఒక్క క్లిక్‌తో వస్తుంది. దానికి క్రెడిట్లు లేవు.

ఇప్పుడు మా ఇంట్లో టెన్షనంతా నాలుగో ఏడాది గురించి. వాడిది ఆరో సెమిస్టర్. మూడేళ్ళకే పట్టా తీసుకుని బయటికి రావచ్చు, ఇంకో ఏడుండి ఆనర్స్ చెయ్యొచ్చు. యూజీసీ లెక్క ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉన్నవాళ్ళు రిసెర్చ్‌తో ఆనర్స్ చెయ్యొచ్చు, 12 క్రెడిట్ల ప్రాజెక్టు ఉంటుంది. లేనివాళ్ళకి దాని బదులు మూడు పేపర్లు. మావాడికి 71. అంటే మూడు పేపర్ల బాపతు.

ఎవరికి లాభమో షాపుకొచ్చే మేష్టార్లని అడిగీ అడిగీ నాకర్థమైంది ఇది. మూడేళ్ళు చదివితే పీజీ రెండేళ్ళు, నాలుగేళ్ళు చదివితే పీజీ ఒక్క ఏడే. అటు కూడినా ఇటు కూడినా ఐదు. 75 శాతంతో నాలుగేళ్ళు చేస్తే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టొచ్చు. అమెరికాలో ఎమ్మెస్‌కి చాలా యూనివర్సిటీలు పదహారేళ్ళ చదువు అడుగుతాయి. మూడేళ్ళ డిగ్రీ వాళ్ళు అక్కడ ఒక ఏడు తక్కువ పడి ఇక్కడే ఏదో ఒక పీజీలో చేరేవాళ్ళు. వాళ్ళకీ ఇది పనికొస్తుంది. గ్రూప్స్, బ్యాంకు, ఎస్సెస్సీ ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్ళకి ఏ డిగ్రీ అయినా ఒకటే, నాలుగో ఏడు ఒక ఏడు పోవడమే. మావాడు బ్యాంకు అంటున్నాడు, వాళ్ళమ్మ అమెరికా అంటోంది. నాకైతే ఎటైనా సరే, ప్రింటర్ రిపేరు నేర్చుకుని వెళ్తే చాలు.

పైగా కాలేజీలో, పదిమంది సంతకం పెడితేనే నాలుగో ఏడు నడుపుతామన్నారు. వీడి క్లాసులో ఇప్పటికి ముగ్గురు. ఉన్న ముగ్గురూ ఇంకో ఏడుగురి కోసం హాస్టల్ గదులన్నీ తిరుగుతున్నారు, ఎలక్షన్లలాగా. పక్కపక్క టౌన్ల పిల్లల్ని కలిపి ఎక్కడో ఒకచోట నడపొచ్చు కదా అని ఒక సార్‌ని అడిగితే, "మీరు బాగా చెప్పారు, ఈ నాలుగు షీట్లు లామినేషన్ చెయ్యండి" అన్నారు.

నాకే గనక రూల్స్ మార్చే అధికారమిస్తే ప్రింటు రిపోర్టు రద్దు చేస్తాను. నా కడుపు నేనే కొట్టుకుంటున్నానని మా ఆవిడ అంటుంది. చేతిరాత లాగ్ బుక్ చాలు. సర్వేకి ఇళ్ళు పంచాలి, పదకొండు మంది పదకొండు వీధులు తిరిగితే కాలనీ మొత్తం నీళ్ళ లెక్క నిజంగా తేలేది. మార్కులు వేసే వైవా కాలేజీలో కాదు, ఆ పేటలోనే పెట్టాలి. మామ్మగారు పక్కన కూర్చుంటే ఎవరు తిరిగారో, ఎవరు తిరగలేదో ఆవిడే చెప్తుంది. గంటలు 180 నుంచి 60కి తగ్గించినా నాకు ఫర్వాలేదు, ఆ అరవై నిజంగా తిరగాలి. మేజర్ తేల్చుకోవడానికి ఒక ఏడు గడువివ్వాలి.

స్టార్లు అంటారా, అమ్మాయి వాడిన సరుక్కి మూడున్నర. ఆ మూడున్నరలో రెండు ఆక్వా ల్యాబ్‌వి, ఒకటి మామ్మగారిది. అబ్బాయిదానికి రెండు, అది కూడా ఇంకా అయిపోలేదు కాబట్టి.

నిన్న సాయంత్రం మావాడే ఒక కాగితం తెచ్చాడు, క్లాసుకి సరిపడా నలభై కాపీలు కావాలని. నాలుగో ఏడాదికి "విల్లింగ్ / నాట్ విల్లింగ్", కావాల్సింది ఉంచి రెండోది కొట్టెయ్యాలి, కింద తండ్రి సంతకం. ముప్ఫై తొమ్మిది కట్ట కట్టి ఇచ్చాను. ఒకటి కౌంటర్ అద్దం కింద పెట్టాను, లక్ష్మీదేవి బొమ్మ పక్కన. శుక్రవారం ఆఖరు రోజు.